కదలని అంకెలు

1935వ సంవత్సరమున రూజ్వెల్టు సంతకముతో అమెరికాలో నెలకొనిన సాంఘిక బీమా, మన జీతపు చీటీలలో నూటికి 6.2 చొప్పున ప్రతి తడవయు కోతపడుచుండుటచే మనకందఱకును చిరపరిచితమే. దానిని రద్దుచేయుదునని వోటర్లయెదుట నిలిచి చెప్పగల నాయకు లరుదు. కావుననే దానిని కుదింపగోరువారు ద్వారము మూయు పనికి పూనుకొనక, గడపను కొంచెము కొంచెముగా ఎత్తుచేయుదురు.

నిధి అడుగంటుచున్నదను భయముతో ఉభయ పక్షములును కూడి 1983లో కావించిన సవరణ ఇందుకు ప్రబల నిదర్శనము. పూర్తి పింఛనునకు అర్హమగు వయస్సు 65 నుండి 67కు పెరిగెను. ఐతే ఆ పెంపు 1938కి ముందు జన్మించినవారిని తాకక, 1960లోను ఆ పిమ్మటను జన్మించినవారికే సంపూర్ణముగ వర్తించునట్లు కూర్పబడుటచే, నాటి వృద్ధులకు నష్టము లేకపోయెను. సంపూర్ణముగ నష్టపడవలసినవారో అప్పటికి ఇరువదిమూడేండ్లవారు, లేదా వారికంటెను చిన్నవారు. ఆ యీడున ముదిమి లెక్కలు చూచుకొను వారెవరు? 62వ యేటనే పింఛను పుచ్చుకొను హక్కు చెక్కుచెదరలేదు గాని, అట్లు పుచ్చుకొన్నవారికి పడు కోత మాత్రము నూటికి 20 నుండి 30కి పెరిగినది.

ఆ శాసనమే, ఒంటరివారికి 25,000 డాలర్లను, దంపతులకు 32,000 డాలర్లను మించిన యాదాయమున్నచో, పింఛనులో సగమువఱకు ఆదాయపు పన్నునకు లోబడునని విధించెను. పింఛను ధరలతోపాటు ఏటేట పెరుగును. ఆ రెండంకెలు మాత్రము నేటికిని నాటివే. సంపన్నులకే తగులునని, పదిమందిలో ఒకనికి మించి సోకదని తలంపబడిన పన్ను, కొత్త వోటింగు ప్రసక్తియే లేకుండ ఆ గీత దాటినవారిని చేర్చుకొనుచు, కాలక్రమమున సుమారు సగముమంది వఱకు వచ్చినది. మృతుని కుటుంబమునకిచ్చు 255 డాలర్లును 1954నాటి గరిష్ఠ పరిమితియే. ఇచ్చటి అంత్యక్రియల ఖర్చెఱిగినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

1956లో ఏర్పడిన అశక్తుల బీమా చరిత్ర మఱింత సూక్ష్మము. వెనుకటి కొలువు చేయజాలకుండుట యొక్కటియే చాలదనియు, దేశమున గణనీయ సంఖ్యలో నున్న యే పనియు చేయలేనివాడై యుండవలెననియు, ఆ పని అతని యూర నున్నదా, ఖాళీ యున్నదా, పోయి యడిగినచో నెవరైన చేర్చుకొందురా యను ప్రశ్నలు అప్రస్తుతములనియు 1967 సవరణ నిర్దేశించెను. ఇక ఆ పనులేవి? వానిని తేల్చుటకు కార్మికశాఖ ప్రకటించిన వృత్తుల నిఘంటువే ప్రమాణమయ్యెను. 1991లో చివరిసారి సవరింపబడిన ఆ గ్రంథమున కాయగింజ లేఱువాడును, కొయ్యమేకులను పరీక్షించువాడును కొలువుదీరి యుండిరి. 2024లో 114 వృత్తులను ప్రక్కకు తొలగించువఱకు, లోకమున దాదాపు కనుమఱుగైన యిట్టి యుద్యోగములను చూపి బ్రతికియున్న రోగుల యర్జీలను త్రోసిపుచ్చుట న్యాయసమ్మతముగనే సాగెను. నా దృష్టిలో ఇంతటి క్రూర పరిహాసము మఱియొకటి లేదు.

గడపను దించినవారును లేకపోలేదు. 1980 శాసనము విధించిన పునఃపరీక్షలను మరుసటి యేటినుండి ప్రభుత్వము తొందరపెట్టగా లక్షలాది అశక్తుల భృతి నిలిచిపోయెను. వారిలో రెండు లక్షలకు పైబడినవారు అప్పీలుచేసి తిరిగి పొందిరి. తుదకు 1984లో, ఆరోగ్యము మెఱుగుపడినట్లు నిరూపితమైననేగాని సాధారణముగ భృతి తొలగింపరాదను శాసనము, ఉభయ సభలయందును ఒక్క వ్యతిరేకపు వోటైన లేక నెగ్గెను.

ఐనను మనవారికి తగులు కదలని అంకె మఱియొకటి గలదు. పింఛనునకు 40 క్రెడిట్లు, అనగా ఏటికి నాలుగు చొప్పున కనీసము పదేండ్ల కొలువు, కావలెనను నియమము 1990లో విదేశీ నిపుణులకిచ్చు హెచ్-1బి వీసా పుట్టకమునుపటిది. పలు దేశములతో అమెరికా చేసికొన్న ఒప్పందములనుబట్టి రెండుచోట్ల చేసిన సేవాకాలమును కలిపి లెక్కింతురు. భారతదేశముతో అట్టి యొప్పందము లేదు. ఎనిమిదేండ్లు పన్ను చెల్లించి హైదరాబాదునకో విశాఖకో మరలిపోవు ఇంజనీరునకు ఆ సొమ్ము పింఛను రూపమున తిరిగి రాదు, వాపసును ఉండదు. మనవారిలో తిరుగుప్రయాణము తలపెట్టినవారు, ఇల్లమ్ముటకు ముందే, తమ ఖాతాలో క్రెడిట్ల సంఖ్య యెంతయో చూచుకొనవలసి యున్నది.