వార్తల్లో పదం: క్యాప్చర్ కార్డ్

లైవ్ ప్రసారాల వార్తల్లో వినిపిస్తున్న క్యాప్చర్ కార్డ్, కెమెరా ఇచ్చే హెచ్‌డీఎంఐ వీడియోను యూఎస్‌బీ ద్వారా కంప్యూటర్‌కు అందించే పరికరం. ల్యాప్‌టాప్‌లోని హెచ్‌డీఎంఐ పోర్టు సాధారణంగా బొమ్మను బయటికి పంపేదే తప్ప లోపలికి తీసుకోదు. కార్డు మధ్యలో ఉంటే కంప్యూటర్ ఆ కెమెరాను వెబ్‌క్యామ్‌లా వాడుకుంటుంది. 2020లో కెనన్, నికాన్, సోనీ నేరుగా యూఎస్‌బీతో కలిపే సాఫ్ట్‌వేర్ ఇచ్చాయి కదా, ఇక కార్డెందుకు అనొచ్చు. ఆన్‌లైన్ పాఠానికి అది చాలు, కానీ అన్ని మోడళ్లకూ పనిచేయదు. అలాగని కార్డులన్నీ ఒకటి కావు. సెకనుకు 60 ఫ్రేముల ఫుల్ హెచ్‌డీ వీడియోను కుదించకపోతే అది సెకనుకు దాదాపు 3 గిగాబిట్లు అవుతుంది, యూఎస్‌బీ 2.0 గరిష్ఠ వేగమేమో సెకనుకు 480 మెగాబిట్లే. అందుకే యూఎస్‌బీ 2.0 రకం చవక కార్డులు బొమ్మను బాగా కుదించి పంపుతాయి, నాణ్యత తగ్గేది అక్కడే. పెళ్లి లైవ్‌లు ఇచ్చేవారు కెమెరాలో ‘క్లీన్ హెచ్‌డీఎంఐ’ ఉందో లేదో కూడా చూసుకోవాలి. లేకుంటే బ్యాటరీ గుర్తు, ఫోకస్ గడులు చుట్టాలందరికీ కనిపిస్తాయి.