పాత బుగ్గ అగ్గువ కాదు, మీటరు చూడున్రి

"పాత బుగ్గ అగ్గువ, ఎల్‌ఈడీ పిరం" అనే మాట ఊర్లల్ల ఇంకా వింటనే ఉన్న. దుకాణం కాడ ఆ మాట నిజమే. మీటరు కాడ మాత్రం తలకిందులైతది. ఈ లెక్క పోరగాళ్లకే ముందు తెలువాలె. ఇంట్ల కరెంటు బిల్లు చదివి చెప్పేది మీరే గద.

పాత బుగ్గల సన్నటి టంగ్‌స్టన్ తీగ ఉంటది. అది సలసల కాగితెనే వెలుగొస్తది. అందుకే అది తినే కరెంటుల నూటికి తొంభై పాళ్లకు పైగ వేడి కిందనే పోతది. కోడిపిల్లల షెడ్డుల ఆ వేడి అక్కరకొస్తది గని, అర్రల మనకు కావాల్సింది వెలుగు. 60 వాట్ల బుగ్గ ఇచ్చేటంత వెలుగు 9 వాట్ల ఎల్‌ఈడీ ఇస్తది.

ఇగ లెక్క చూడున్రి. ఇంట్ల 4 బుగ్గలు, రోజుకు 6 గంటలు, 30 రోజులు. 60 వాట్లవైతే 43 యూనిట్లు కాలుతయి. ఎల్‌ఈడీలైతే ఆరున్నర. నెలకు 36 యూనిట్లకు పైగ మిగులు.

"మాకు జీరో బిల్లే వస్తది, ఈ లెక్క మాకెందుకన్నా" అంటరేమో. అసలు తిప్పలు ఆడనే ఉన్నది. 2024 మార్చి నుంచి తెలంగాణల గృహజ్యోతి కింద అర్హులైనోళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు లేదు. 200 దాటితే మాత్రం, దాటిన పది యూనిట్లకే కాదు, మొత్తానికి కట్టాలె. ఎండకాలం కూలరు, ఫ్రిజ్ నడిచి మీటరు 210 కాడికి పోతే బిల్లు వెయ్యి దాటుతది. అదే ఇంట్ల ఆ 4 బుగ్గలు మారిస్తే 174 లోపల్నే ఆగుతది. కట్టేది సున్న. కూలినాలి చేసుకునే ఇంటికి వెయ్యి రూపాయలంటే చిన్న మాట కాదు.

కొన్ని ఇండ్లల్ల మెలికల సీఎఫ్‌ఎల్ లైట్లు ఇంకా ఉన్నయి. వాటిల పాదరసం ఉంటది, ఎల్‌ఈడీల ఉండది. సీఎఫ్‌ఎల్ పలిగితే కిటికీలు తెరిచి కొద్దిసేపు అర్ర బయటికి పోవాలె. చీపురుతోని ఊడ్వొద్దు. అట్టముక్కతోని ఎత్తి, తడి కాగితంతోని తుడిచి, అన్నీ మూత ఉన్న సీసల పెట్టాలె.

"ఎల్‌ఈడీ తెచ్చినం, నెలకే పోయింది" అనేటోళ్లు గుడ ఉన్నరు. ఎక్కువసార్లు పోయేది లోపలున్న చిన్న సర్క్యూట్. నాసిరకం సర్క్యూట్ మన ఊర్ల వోల్టేజీకి ఆగది. అందుకే పేరు లేని సరుకు కొనొద్దు. డబ్బా మీద బీఐఎస్ గుర్తు, గ్యారంటీ, ల్యూమెన్లు చూడాలె. ల్యూమెన్లంటే వెలుగు కొలత. 60 వాట్ల బుగ్గకు సాటి రావాలంటే 800 దాకా ఉండాలె. రసీదు దాచుకుంటెనే గ్యారంటీ నడుస్తది.

2015ల ఉజాలా పథకం కింద సర్కారు టోకున కొని అగ్గువకు అమ్మింది. మన మహిళా సంఘాలు గుడ అట్లనే కలిసి టోకున కొనొచ్చు. ముందుగాల మీ ఇంట్ల, కొట్టంల, బాత్రూంల ఎన్ని పాత బుగ్గలున్నయో లెక్కపెట్టున్రి. ఎక్కువసేపు ఎలిగేదాన్ని మొదలు మార్చున్రి.