తల్లి ప్రాణం - ఇంటివారి బాధ్యత

2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక్కరోజే 34 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. కొద్ది రోజుల్లోనే వారిలో నలుగురు తల్లులు కన్నుమూశారు. మిగిలిన 30 మందిని హైదరాబాదు ఆసుపత్రులకు తరలించి చికిత్స చేయించారు. ఇన్ఫెక్షన్ సోకడమే కారణమని విచారణలో తేలింది.

ప్రతి ఆపరేషన్‌కు ముందు పరికరాలను శుద్ధి చేయడం ఆసుపత్రి బాధ్యత. ఇంటివారికీ ఒక బాధ్యత ఉంది. ఆపరేషన్ తరువాత జ్వరం, వాంతులు, తగ్గని కడుపునొప్పి వస్తే "మామూలేలే" అని ఊరుకోకండి. తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకువెళ్లండి.

భర్తలకు ఒక మాట. మగవారి ఆపరేషన్‌లో కడుపు కోసే పని లేదు. అదే రోజు ఇంటికి రావచ్చు. బలమూ తగ్గదు. భారమంతా భార్యమీదే వేయడం న్యాయమా? ఇద్దరూ కూర్చుని ఆలోచించండి.