ప్లగ్గు రంగు చెప్పే ఇంజిన్ కథ

మే నెల మండుటెండల్లో ఇబ్బంది పెట్టని పాత టూ స్ట్రోక్ బైకు, డిసెంబరు చలిలో ఒక ఉదయం వేగంగా వెళ్తూ ఉన్నట్టుండి పట్టేస్తుంది. ఇంజిన్ బిగుసుకోగానే వెనక చక్రం ఆగిపోతుంది. ఆ క్షణంలో క్లచ్ నొక్కకపోతే నడిపే మనిషి కింద పడతాడు. ఇంజిన్ పాడైతే వేడికి పాడవ్వాలి కదా, చలిలో ఎందుకు పట్టేసింది? ఇందుకు సాక్ష్యం సిలిండర్ హెడ్‌కు బిగించి ఉన్న స్పార్క్ ప్లగ్గు దగ్గర దొరుకుతుంది.

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌కు మంటను రంగు చూసి అంచనా వేయడం కొత్త కాదు. ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రమైన ఈ ఊళ్లో, బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. ఆవిరి ఇంజిన్ల కాలంలో ఫైర్‌మన్ పొగను చూసి కొలిమి సంగతి గ్రహించేవాడు. దట్టమైన నల్లపొగ వస్తే బొగ్గుకు తగినంత గాలి అందడం లేదని అర్థం. పల్చటి బూడిద రంగు పొగ వస్తే మంట సక్రమంగా ఉన్నట్టు. టూ స్ట్రోక్ మెకానిక్ ప్లగ్గును చదివేది కూడా ఈ సూత్రంతోనే.

చిక్కన, పలచన

ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. గాలి అంతకంటే తగ్గితే మిశ్రమం చిక్కనిది, పెరిగితే పలచనిది. చిక్కని మిశ్రమంలో మిగిలిపోయిన ఇంధనం మసిగా మారుతుంది. అయితే ఆవిరయ్యేటప్పుడు ఆ ఇంధనమే లోపలి వేడిని కొంత లాగేస్తుంది. మిశ్రమం అవసరానికి మించి పలచబడితే ఈ చల్లదనం తగ్గి పిస్టన్ వేడెక్కుతుంది. అల్యూమినియం పిస్టన్ వేడికి వ్యాకోచించే తీరు, దాని చుట్టూ ఉన్న పోత ఇనుప గొట్టంతో పోలిస్తే దాదాపు రెట్టింపు. మధ్యలోని సన్నని ఖాళీ మూసుకుపోతే ఇంజిన్ పట్టేసినట్టే. టూ స్ట్రోక్‌లో క్రాంక్ తిరిగిన ప్రతిసారీ మంట పుడుతుంది కాబట్టి పిస్టన్‌కు ఊపిరి తీసుకునే వ్యవధి కూడా ఉండదు.

చలిగాలి లెక్క

బిలాస్‌పూర్‌లో వేసవి మధ్యాహ్నం 45 డిగ్రీలు, చలికాలపు తెల్లవారుజామున 10 డిగ్రీలు అనుకుందాం. ఒకే పీడనం దగ్గర చల్లటి గాలి సాంద్రత దాదాపు 12 శాతం ఎక్కువ. ఇంజిన్ ప్రతి చుట్టుకూ పీల్చే గాలి ఘనపరిమాణం మారదు. అందువల్ల లోపలికి వెళ్లే గాలి బరువు కూడా 12 శాతం పెరుగుతుంది. కార్బురేటర్ ఇరుకు మార్గంలో ఏర్పడే పీడన వ్యత్యాసం కూడా అంతే పెరుగుతుంది. కానీ జెట్ గుండా వచ్చే పెట్రోలు ఆ వ్యత్యాసపు వర్గమూలాన్ని అనుసరిస్తుంది. కాబట్టి పెట్రోలు సుమారు 6 శాతమే పెరిగి, మిశ్రమం పలచబడుతుంది. మే నెలలో సరిగ్గా కుదిరిన జెట్ డిసెంబరులో చాలకపోవడానికి కారణం ఇదే.

ప్లగ్గును చదివే పద్ధతి

కార్బురేటర్‌లో పనులు పంచుకుని ఉంటాయి. యాక్సిలరేటర్ కొద్దిగా తిప్పినప్పుడు పైలట్ జెట్, సగం దగ్గర సూది, పూర్తిగా తిప్పినప్పుడు మెయిన్ జెట్ పెట్రోలు కొలతను నిర్ణయిస్తాయి. మెయిన్ జెట్‌ను పరీక్షించాలంటే మట్టి ట్రాక్ మీదో, జనసంచారం లేని చోటో కొత్త ప్లగ్గు వేసి, ఇంజిన్ వేడెక్కాక పూర్తి యాక్సిలరేటర్‌తో కొంతదూరం నడపాలి. ఆ వేగంలోనే ఇంజిన్ ఆపి, అదే సమయంలో క్లచ్ నొక్కి బండిని ఆగనివ్వాలి. ఆ తర్వాత ప్లగ్గు విప్పి చూడాలి. పరీక్ష అయ్యాక నెమ్మదిగా ఇంటికి నడిపి తెచ్చి చూస్తే, నిదానంగా నడిచినప్పుడు పట్టిన మసి అసలు రంగును కప్పేస్తుంది.

మధ్యలోని తెల్లటి పింగాణీ అల్యూమినియం ఆక్సైడ్‌తో చేసింది. దాని మీద లేత గోధుమ రంగు ఉంటే మిశ్రమం సరిగ్గా ఉన్నట్టు. పొడి నల్ల మసి ఉంటే చిక్కన. తెల్లగా మాడినట్టు, బుడిపెలు లేచినట్టు ఉంటే ప్రమాదకరంగా వేడెక్కింది. మెరిసే లోహపు చుక్కలు కనిపిస్తే పిస్టన్ అల్యూమినియం అప్పటికే కరగడం మొదలైంది. మెయిన్ జెట్ సంగతి తేల్చే మసి వలయం పింగాణీ అడుగున, లోహపు గూట్లో ఉంటుంది. అందుకే అనుభవజ్ఞులు పైపైన కాకుండా లోపలికి దీపం వేసి చూస్తారు.

సాక్షి పొరబడే చోట్లు

ప్లగ్గు కొన దాదాపు 500 డిగ్రీలు దాటితేనే తనకు పట్టిన మసిని తాను కాల్చుకుంటుంది. 850 డిగ్రీలు మించితే నిప్పురవ్వతో పని లేకుండా దానంతట అదే మిశ్రమాన్ని అంటిస్తుంది. ప్లగ్గు రకం తప్పయితే, మిశ్రమం సరిగ్గా ఉన్నా రంగు తప్పుదారి పట్టిస్తుంది. ఎన్‌జీకే ప్లగ్గుల్లో అంకె పెరిగితే చల్లని రకం, బాష్ ప్లగ్గుల్లో అంకె పెరిగితే వేడి రకం. క్రాంక్ సీలు నుంచి గాలి లీకైనా ప్లగ్గు తెల్లబడుతుంది. అప్పుడు ముందుగా మార్చాల్సింది జెట్ కాదు, సీలు.

నూనె దగ్గర మరో పొరపాటు జరుగుతుంది. రక్షణ పెరుగుతుందని పెట్రోల్లో నూనె ఎక్కువ కలిపితే, జెట్ గుండా వెళ్లే ద్రవంలో పెట్రోలు వాటా తగ్గి మిశ్రమం పలచబడుతుంది.

కారులో వాడే ఆక్సిజన్ సెన్సర్ ఇక్కడ అంతగా అక్కరకు రాదు. టూ స్ట్రోక్‌లో తాజా మిశ్రమం కొంత మండకుండానే సైలెన్సర్‌లోకి జారిపోతుంది. అందులోని ఆక్సిజన్‌ను చూసి సెన్సర్ మిశ్రమం పలచగా ఉందని పొరబడుతుంది. ఈ వృథా, దానితో వచ్చే కాలుష్యం టూ స్ట్రోక్ బైకులు తెరమరుగు కావడానికి ముఖ్య కారణాలు. 1985లో మన దేశంలో వచ్చిన 98 సీసీ యమహా ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లో ఆగిపోయింది. అయినా అలాంటి బళ్లు ఇంకా రోడ్ల మీదా, మట్టి పందేల్లోనూ కనిపిస్తూనే ఉన్నాయి.

ఆ బళ్ల ముందు ఇప్పుడు కొత్త పరీక్ష ఉంది. వాటిని రూపొందించినప్పటి పెట్రోలుకు, నేటి బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకు తేడా ఉంది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కనుక ఈ మిశ్రమానికి కిలోకు సుమారు 13.5 కిలోల గాలి చాలు. పాత జెట్‌ను అలాగే ఉంచితే మిశ్రమం సుమారు 8 శాతం పలచబడినట్టే. దీనికి చలికాలపు 6 శాతం తోడైతే, ఎండాకాలంలో బాగున్న బండి డిసెంబరు ఉదయాన ఎందుకు పట్టేసిందో తెలిసిపోతుంది.

అందుకే మెకానిక్‌లు ముందు పెద్ద జెట్ వేసి, ప్లగ్గు చూసుకుంటూ ఒక్కో మెట్టూ తగ్గిస్తారు. మిశ్రమం చిక్కనైతే మసిపట్టిన ప్లగ్గు మార్చుకుంటే సరిపోతుంది. పలచనైతే మాత్రం పిస్టన్ పోతుంది, ఒక్కోసారి మనిషికీ దెబ్బలు తప్పవు.