కాఫీ గుడ్డ

టోకియో నగరమున, గింజా పేటలో, 'కాఫే ద లాంబ్ర్' అను చిన్న కాఫీ అంగడి కలదు. 1948లో దానిని నెలకొల్పిన సెకిగుచి ఇచిరో 2018లో, 103 ఏండ్ల వయస్సున, కన్నుమూసినారు. ఇట్టి పాత అంగళ్లను జపానులో 'కిస్సాతెన్' అందురు. తేనీరు త్రాగు అంగడి యని ఆ మాటకు అర్థము. ఇచ్చట దొరకునది మాత్రము కాఫీ యొక్కటే. కొన్ని గింజలను ఏండ్ల తరబడి నిలువయుంచుదురు. పొడిమీద వేడినీటిని సన్నని ధారగా పోసి, గుడ్డలో వడగట్టుదురు. తొందర యన్నది లేదు.

ఆ గుడ్డను చూడగానే చెవిటికల్లులో మా నాయనమ్మ కాఫీ గుడ్డ జ్ఞప్తికి వచ్చినది. ఇత్తడి ఫిల్టరు కొని తెచ్చిన నాడు దానిని పారవేసినవాడను నేనే. ఆమె ఏమియు అనలేదు. సముద్రముల కావల అదే గుడ్డకు దక్కుచున్న గౌరవము చూచి, తల వంచుకొని కాఫీ త్రాగితిని.