రెండవ గుండె

గర్భిణిని నాల్గవ మాసమున 'దౌహృదిని' యని సుశ్రుతసంహిత పేర్కొన్నది. రెండు హృదయములు గలదని అర్థము. తరగతిలో 'దోహదము' అను మాట వచ్చినపుడెల్ల నాకిది స్ఫురించును. గర్భిణి కోరికకు పేరైన ఆ మాట నేడు పత్రికలలో ఉత్త 'తోడ్పాటు'గా మిగిలినది. అది వేరు సంగతి.

ఆ రెండవ గుండెను చెవితో వినుటకు చాలకాలము పట్టినది. 1818లో జెనీవా శస్త్రవైద్యుడు మేయర్ తల్లి కడుపుపై చెవి ఆనించి శిశువు గుండెసవ్వడి వినెను. 1821లో పారిస్‌లో కెర్గరడెక్ ఉమ్మనీటి చప్పుడు వినగోరి స్టెతస్కోపు పెట్టగా, గడియారపు టిక్కుటిక్కువంటి ధ్వని వినవచ్చెను. 1895లో పినార్డ్ ఇందుకై చిన్న బూరవంటి గొట్టమును రూపొందించెను. శిశువు గుండె నిమిషమునకు 110 మొదలు 160 మార్లు కొట్టుకొనుట సహజము.

అయితే వైద్యులు వినునది ఏ పక్షమునకో ఒకమారు. తక్కిన వేళలందు కావలి తల్లిదే. ఏడవ నెల దాటిన పిమ్మట పక్కకు ఒత్తిగిలి పండుకొని గమనించిన, రెండు గంటలలో పది కదలికలైనను తెలియవలెనని ఒక లెక్క. లెక్కకంటె తన బిడ్డ అలవాటు నెరుగుట మేలు. కడుపులోని బిడ్డయు నిద్రించును; ఆ నిద్ర సాధారణముగా 20 మొదలు 40 నిమిషములు; 90 దాటుట అరుదు.

1986లో మా అక్కకు తొమ్మిదవ నెల. ఒక సాయంకాలము "అమ్మమ్మా, పొద్దుటినుంచీ బిడ్డ మెదలలేదే" అనెను. "నెలలు నిండాయి, లోపల చోటెక్కడిదే? పురిటి ముందు సద్దుమణుగుతుంది. పొద్దున చూద్దాం, పడుకో" అనెను అమ్మమ్మ. పది కాన్పులు చూచిన మనిషి, ఎవరమును ఎదురాడలేదు. ఆసుపత్రి రెండు వీధుల అవతలనే యుండెను. తెల్లవారి నర్సమ్మ గొట్టము ఆనించి, చోటు మార్చి మార్చి, చాలసేపు వినెను. తల ఎత్తలేదు.

ఆ రాత్రియే పోయినచో బిడ్డ దక్కెడిదని చెప్పజాలను. కాని అమ్మమ్మ మాట తప్పు. చోటు ఇరుకైనకొలది కదలిక తీరు మారవచ్చును గాని, కదలుట తగ్గరాదు. తగ్గెనని తోచిన, అన్నము తిని చూతమని ఆగక, అర్ధరాత్రియైనను ఆసుపత్రికి పోవలెను. గుండెవేగమును కాగితముపై గీతగా వ్రాసిచూపు యంత్రములు నేడు కలవు. బిడ్డ కదలినపుడు ఆ వేగము కొంత హెచ్చుట మంచి గుర్తు. ఇంటికి కొనితెచ్చుకొను చిన్న పరికరములను మాత్రము నమ్మరాదు. తల్లి నాడినే విని బిడ్డదని మురియు ప్రమాదమున్నది.

మూడేండ్లకు అక్క మరల నిండు చూలాలు. ఒక నడిరేయి, కరెంటు లేని వేళ, అమ్మమ్మనే లేపెను. అమ్మమ్మ మారుమాటాడక లాంతరు వెలిగించి ముందు నడచెను.