టైమర్ అబద్ధం చెప్పిన రాత్రి

వెబ్ డెవలప్‌మెంట్ మొదలుపెట్టిన వాళ్లలో చాలామంది ముందు టు-డూ లిస్ట్ చేస్తారు. నేను కాస్త వెరైటీగా ఉంటుందని పొమొడోరో టైమర్ చేశా. 25 నిమిషాలు చదువు, 5 నిమిషాలు బ్రేక్. నాలుగు రౌండ్లయ్యాక పెద్ద బ్రేక్. 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఇటలీ స్టూడెంట్ టమాటా ఆకారంలో ఉన్న కిచెన్ టైమర్‌తో ఈ పద్ధతి మొదలుపెట్టాడు. ఇటాలియన్‌లో పొమొడోరో అంటే టమాటానే.

నా లాజిక్ సింపుల్. 25 నిమిషాలంటే 1500 సెకన్లు. సెట్‌ఇంటర్వెల్ అనే ఫంక్షన్‌కి 1000 మిల్లీసెకన్లు అని చెప్తే, సెకనుకోసారి మన కోడ్‌ని పిలుస్తుంది. పిలిచినప్పుడల్లా ఒకటి తీసేయాలి, సున్నా అయితే బెల్ కొట్టాలి. స్క్రీన్ ముందే కూర్చుని టెస్ట్ చేశా. పక్కాగా పనిచేసింది. గొప్పగా రూమ్మేట్‌కి లింక్ పంపా.

మిడ్స్ ముందు రాత్రి వాడు టైమర్ ఆన్ చేసి, ఇంకో ట్యాబ్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ నోట్స్ ఫుల్ స్క్రీన్‌లో పెట్టుకున్నాడు. బెల్ మోగగానే షెడ్యూలింగ్ ఆపేసి డెడ్‌లాక్స్ మొదలుపెట్టాలని ప్లాన్. బెల్ మోగలేదు. రెండు గంటల తర్వాత చూస్తే ఇంకా 18 నిమిషాలు ఉందని చూపిస్తోంది! అప్పటికే అర్ధరాత్రి దాటింది. మర్నాడు పేపర్లో డెడ్‌లాక్స్ ప్రశ్న రానే వచ్చింది.

"నీ యాప్‌ని నమ్మి ఫోన్ కూడా బ్యాగ్‌లో పడేశా కదరా" అన్నాడు. అంతే, ఇంకేం తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

తప్పెక్కడ? మనం చూడని ట్యాబ్‌లో కోడ్ ఊరికే నడుస్తుంటే బ్యాటరీ దండగ. అందుకే బ్రౌజర్ దాన్ని నెమ్మది చేస్తుంది. ఐదు నిమిషాలు దాటి దాగి ఉన్న ట్యాబ్‌లో కోడ్‌ని నిమిషానికి ఒక్కసారే పిలిచే బ్రౌజర్లున్నాయి. అంటే 60 సెకన్లు గడిచినా నా టైమర్ లెక్కలో ఒక్కటే తగ్గింది.

ఇది కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టడం లాంటిది. "మూడు విజిల్స్ రాగానే ఆపు" అని అమ్మ చెప్తుంది. మనం హెడ్‌ఫోన్స్‌లో ఉంటే రెండు మిస్సవుతాం, అన్నం మాడుతుంది. అదే గోడ గడియారం చూసి "ఎనిమిదిన్నరకి ఆపాలి" అని గుర్తుపెట్టుకుంటే, మధ్యలో ఏం వినకపోయినా ఎప్పుడు చూస్తే అప్పుడు సరైన లెక్కే.

కోడ్‌లోనూ అంతే. స్టార్ట్ నొక్కగానే డేట్ డాట్ నౌ ఇచ్చే టైమ్‌కి 15,00,000 మిల్లీసెకన్లు కలిపి, ముగిసే టైమ్‌గా దాచుకోవాలి. తర్వాత ప్రతిసారీ అందులోంచి ఇప్పటి టైమ్ తీసేస్తే మిగిలిన సమయం వస్తుంది. పాజ్ నొక్కితే మిగిలింది దాచి, మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు కొత్త ముగింపు లెక్కేయాలి. దాగిన ట్యాబ్‌లో బెల్ ఓ నిమిషం లేటవ్వొచ్చు గానీ, అంకె మాత్రం అబద్ధం చెప్పదు.

ఇంకోటి, టెస్టింగ్ మనకి నచ్చినట్టు కాదు, వాడేవాళ్లు వాడినట్టు చేయాలి. ఒక్కసారి ట్యాబ్ మార్చి అరగంట ఆగి ఉంటే నాకే దొరికేది.

రెండో మిడ్స్‌కి కొత్త లింక్ పంపా. వాడు వాడాడు. పక్కన ఫోన్‌లో అలారం కూడా పెట్టుకున్నాడనుకోండి.